తాతగారి .32 పిస్టల్ ఎంతవరకు పనికొస్తుంది?

మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా పరుచుకున్న ఐటీ వరసలో పిస్టల్ ప్రస్తావన ఎక్కువగా రెండు సందర్భాల్లో వస్తుంది. భూములు, భవనాల వ్యాపారంలో ఉన్నవాళ్లు లైసెన్స్ కోసం చేసే ప్రయత్నాలు ఒకటి. పాత హైదరాబాదీ కుటుంబాల్లో పంపకాలప్పుడు బీరువా అడుగున బయటపడే పిస్టల్ రెండోది. పొలం ఒకరికి, ఇల్లు ఒకరికి తేలిపోతాయి కానీ తాతగారి పిస్టల్ దగ్గర మాట ఆగిపోతుంది. దాన్ని ఉంచుకోవాలా, అమ్మాలా, పోలీస్ స్టేషన్లో అప్పగించాలా? కొత్తగా లైసెన్స్ వచ్చినవారిదీ ఇలాంటి సందేహమే. కొత్త దేశీ పిస్టల్ కొనాలా, లక్షలు పోసి పాత విదేశీ సరుకు కొనాలా?

సలహాలకు కొదవ లేదు. పాత జర్మన్ ఉక్కు ముందు కొత్తవి దిగదుడుపేనని ఒకరంటారు, .32తో పిట్ట కూడా చావదని ఇంకొకరంటారు. ఇద్దరిలోనూ ఆ పిస్టల్‌ను రేంజ్‌కు తీసుకెళ్లి, కాగితం టార్గెట్ మీద వరుసగా యాభై తూటాలు కాల్చి చూసినవారు అరుదు. ఈ తుపాకి రాముళ్ల మాటలు పక్కనపెట్టి చట్టం, యంత్రం, గురి, అవసరం అనే నాలుగు వైపుల నుంచి ఈ పాత చిన్న పిస్టల్‌ను పరీక్షిద్దాం.

మన దగ్గర .32కే ఎందుకింత గిరాకీ?

.32 ఏసీపీ తూటా రూపశిల్పి అమెరికా ఆయుధ నిర్మాత జాన్ బ్రౌనింగ్. బెల్జియంలోని ఎఫ్ఎన్ కంపెనీ కోసం 1899 ప్రాంతంలో దాన్ని రూపొందించాడు. యూరప్ దాన్ని 7.65 ఎంఎం బ్రౌనింగ్ అంది. ఆ తూటా చుట్టూ అర్ధ శతాబ్దం పాటు జేబు పిస్టళ్లు పుట్టుకొచ్చాయి. 1903లో మొదలై 1945 దాకా తయారైన కోల్ట్ పాకెట్ హ్యామర్‌లెస్ ఐదు లక్షలకు పైగా అమ్ముడైంది. ఎఫ్ఎన్ మోడల్ 1910, వెబ్లీ అండ్ స్కాట్ .32, వాల్తర్ పీపీ, పీపీకే ఆ తర్వాతి వరుసలోవి. లండన్ మెట్రోపాలిటన్ పోలీసులు 1911లో వెబ్లీ .32ను తీసుకున్నారు. వాల్తర్ 1929లో పీపీని, 1931లో ఇంకా చిన్నదైన పీపీకేని తెచ్చింది. ఇయాన్ ఫ్లెమింగ్ తన జేమ్స్ బాండ్ చేతికి పీపీకే ఇచ్చాక దానికి సినిమా మెరుపు కూడా అంటుకుంది.

మిగతా ప్రపంచంలో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ బోర్ పక్కకు జరిగి, 9 ఎంఎం రాజ్యమేలింది. మన దేశంలో .32 నిలిచిపోవడానికి కారణం చట్టం. ఆయుధ నియమాలు 2016లోని మొదటి షెడ్యూలు ప్రకారం .380, .455 తూటాలను గానీ, సైన్యం వాడే 9 ఎంఎం, .45 తూటాలను గానీ పేల్చగల పిస్టళ్లు, రివాల్వర్లు పరిమితుల వర్గంలోకి వస్తాయి. మామూలు లైసెన్స్‌దారుకు అవి అందవు. ఇషాపూర్‌లో తయారై పోలీసుల నడుముకు కనిపించే 9 ఎంఎం 1ఏ పిస్టల్ కూడా పౌరుడికి దొరకదు. సైన్యం తూటా కాకుండా, జేబులో పట్టేలా, చట్టానికి అడ్డం రాకుండా మిగిలినవాటిలో ప్రధానమైనది .32.

రెండో కారణం దిగుమతులు. 1980ల మధ్యలో ప్రైవేటు వ్యక్తులకు విదేశీ తుపాకుల దిగుమతి దాదాపు ఆగిపోయింది. పేరున్న క్రీడా షూటర్లకు మాత్రం మినహాయింపు ఉంది. అప్పటికి దేశంలోకి వచ్చిన వాల్తర్లు, వెబ్లీలు, బ్రౌనింగ్‌లే చేతులు మారుతున్నాయి. సరుకు పెరగదు, కొనేవారు తగ్గరు. అందుకే యూరప్‌లో సాదా ధర పలికే పిస్టల్‌కు మన దగ్గర లక్షలు పలుకుతాయి. ఆ ధరలో దుర్లభతకు కట్టే వెల ఎక్కువ, నాణ్యతకు కట్టేది తక్కువ. ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే సగం మోజు తగ్గుతుంది.

దేశంలోనే తయారైంది కావాలంటే ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ 'అశని' పేరుతో .32 పిస్టల్ తయారుచేసింది. ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలను 2021లో ఏడు కంపెనీలుగా విడగొట్టాక ఆ ఫ్యాక్టరీ అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా కిందికి వచ్చింది. పన్ను లెక్క కూడా మారింది. 2025 సెప్టెంబరు 22 నుంచి పిస్టళ్లు, రివాల్వర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 40 శాతానికి పెరిగింది. దాంతో పాత సరుకు వైపు చూపు ఇంకా మళ్లింది.

తయారీలో హైదరాబాద్ కూడా చిన్న ఊరేం కాదు. నగరానికి చెందిన లోకేశ్ మెషీన్స్ తయారుచేసిన 'అస్మి' 9 ఎంఎం మెషీన్ పిస్టళ్లను భారత సైన్యం 2024లో తీసుకుంది. అయితే అవన్నీ బలగాలకే. ఇక్కడి పౌరుడి చేతికి వచ్చేది మాత్రం అదే నూరేళ్ల నాటి .32.

లోపల ఏం జరుగుతుంది?

ఈ పిస్టళ్లలో చాలావాటి పని తీరు ఒకటే, దాన్ని బ్లోబ్యాక్ అంటారు. బ్యారెల్ కదలదు. తూటా పేలగానే పుట్టిన ఒత్తిడి గుండును ముందుకు, ఖాళీ కేసును వెనక్కి తోస్తుంది. కేసు వెనక నిలబడి ఆపేది స్లైడ్ (బ్యారెల్ మీద ముందుకూ వెనక్కూ జారే పై భాగం) బరువు, రికాయిల్ స్ప్రింగ్ బలం. తాళం వేసే కొక్కేలు వేరే ఏవీ ఉండవు. గుండు బ్యారెల్ దాటి వెళ్లేదాకా స్లైడ్ ఆలస్యంగా కదలాలి. తర్వాత వెనక్కి వెళ్లి ఖాళీ కేసును బయటికి విసిరి, ముందుకొస్తూ మ్యాగజైన్ పైనున్న తూటాను ఛాంబర్‌లోకి తోయాలి. భాగాలు తక్కువ, విప్పడం సులువు. సరిగ్గా చూసుకుంటే నూరేళ్లయినా ఆడుతుంది.

ఈ సరళతలోనే బలహీనత కూడా ఉంది. అంతా స్ప్రింగ్ మీద ఆధారపడింది. ఎనభై ఏళ్లు నలిగిన స్ప్రింగ్ చతికిలబడితే స్లైడ్ ప్రతిసారీ ఫ్రేమును గట్టిగా కొడుతుంది. కొన్నాళ్లకు ఫ్రేములోనో స్లైడ్‌లోనో సన్నని పగులు పుడుతుంది. బయటి నుంచి పిస్టల్ నిగనిగలాడుతూనే ఉంటుంది. మళ్లీ నల్లరంగు పట్టించి అమ్మేవాళ్లున్న చోట మెరుపు చూసి మోసపోవడం తేలిక.

.32 అన్న మాటతో ఇంకో చిక్కుంది. మన దగ్గర ఇదే అంకెతో రెండు వేరు తూటాలు తిరుగుతున్నాయి. రివాల్వర్ తీసుకునేది .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్. అది పొడుగు, అడుగున వెడల్పు అంచు ఉంటుంది. పిస్టల్ తీసుకునేది .32 ఏసీపీ. అది పొట్టి, అంచు కేసు కన్నా కాస్త మాత్రమే వెడల్పు. కొనేటప్పుడు ఏది కావాలో స్పష్టంగా చెప్పాలి, పెట్టె మీద చదివి చూడాలి.

ఆ చిన్న అంచు వల్ల కూడా తిప్పలుంటాయి. మ్యాగజైన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనక్కి జారిందంటే రెండూ కొక్కెం పడ్డట్టు ఇరుక్కుంటాయి. స్లైడ్ ఎంత లాగినా తూటా కదలదు. పాత పిస్టళ్లు 71 గ్రెయిన్ల గుండ్రటి ముక్కు గుండు కోసం కట్టినవి. పొట్టిగా ఉండే ఇతర రకాలు వేస్తే ఈ చిక్కు పెరుగుతుంది. నింపేటప్పుడు ప్రతి తూటా అంచూ కిందిదానికి ముందుండేలా చూసుకోవడమే దీనికి విరుగుడు.

పేల్చకముందే తేలేవి

పాత పిస్టల్‌ను చేతికి తీసుకున్న అనుభవజ్ఞుడైన ఆర్మరర్, అంటే ఆయుధాలు బాగుచేసే నిపుణుడు, ముందు మ్యాగజైన్ తీస్తాడు, తర్వాతే స్లైడ్ లాగుతాడు. ఈ వరస తిరగబడితే ప్రాణాల మీదికి వస్తుంది. మ్యాగజైన్ లోపలుండగానే స్లైడ్ లాగితే ఛాంబర్‌లోని తూటా బయట పడుతుంది, స్లైడ్ ముందుకెళ్తూ ఇంకో తూటాను లోపలికి తోస్తుంది. ఆ తర్వాత మ్యాగజైన్ తీసేసి, ఒక తూటా కింద పడింది కదా, ఖాళీ అయిపోయిందనుకుంటాడు మనిషి. ఇంట్లో జరిగే తుపాకీ ప్రమాదాల వెనక తరచూ కనిపించే పొరపాటిది. స్లైడ్ తెరిచి, ఛాంబర్‌లోకి కంటితో చూసి, వేలితో తడిమాకే మిగతా పని.

తర్వాత బ్యారెల్. స్లైడ్ విప్పి, బ్యారెల్‌ను వెలుతురుకు పెట్టి చూస్తే లోపలి గాడులు పదునుగా మెలి తిరుగుతూ కనపడాలి. పాత తూటాల ప్రైమర్లలోని రసాయన లవణాలు తేమను లాగి ఇనుమును తినేసేవి. పేల్చాక వెంటనే కడగని బ్యారెల్ లోపల గుంటలు పడి ఉంటాయి. కొద్దిపాటి గుంటలు గురిని పెద్దగా చెడగొట్టవు. గుండ్రంగా ఒక నల్లటి నీడ వలయంలా కనిపిస్తే మాత్రం అనుమానించాలి. లోపల గుండు ఇరుక్కున్నప్పుడు ఇంకోటి పేల్చడం వల్ల బ్యారెల్ ఉబ్బిన గుర్తు అది. అలాంటి పిస్టల్‌ను పేల్చకూడదు, కొనకూడదు.

స్లైడ్ ముందు భాగం, ఖాళీ కేసు బయటపడే కిటికీ మూలలు, ఫ్రేము పట్టాలు... పగుళ్లకు ఇవే చోట్లు. నూనె రాసి తుడిచి, భూతద్దంతో చూస్తే పగులులో నిలిచిన నూనె గీతలా బయటపడుతుంది. సీరియల్ నంబర్లు ఫ్రేము మీద, స్లైడ్ మీద, బ్యారెల్ మీద ఒకటేనా అన్నదీ చూడాలి. వేరువేరుగా ఉంటే ఎప్పుడో భాగాలు మార్చారని అర్థం. ఆ సంగతి ధరకే కాదు, లైసెన్స్ కాగితాలకూ ముఖ్యమే.

సేఫ్టీ పరీక్ష ఖాళీ పిస్టల్‌తోనే. కాక్ చేసి, సేఫ్టీ పెట్టి, ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదలాలి. సేఫ్టీ తీసేటప్పుడు హ్యామర్ గానీ స్ట్రైకర్ గానీ జారి పడకూడదు. పడిందంటే లోపలి పళ్లు అరిగిపోయాయి. ఎఫ్ఎన్ 1910 లాంటివాటికి పిడి వెనక గ్రిప్ సేఫ్టీ ఉంటుంది, దాన్ని వదిలి నొక్కితే ట్రిగ్గర్ పనిచేయకూడదు. ఇవన్నీ నెగ్గినా ఒక లోటు మిగులుతుంది. ఇప్పటి చాలా పిస్టళ్లలో ట్రిగ్గర్ నొక్కితే తప్ప ఫైరింగ్ పిన్‌ను కదలనివ్వని అడ్డు ఉంటుంది. ఆ కాలపు చాలా పిస్టళ్లలో అది లేదు. ఛాంబర్‌లో తూటా ఉండగా గట్టి నేల మీద పడితే పేలే ప్రమాదం ఉంది. తాతల నాటి పిస్టల్‌ను ఛాంబర్‌లో తూటాతో నడుముకు పెట్టుకోవద్దన్నది ఇందుకే.

చివరగా మ్యాగజైన్. పాత పిస్టల్ మొరాయించడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. పై పెదవులు వంగినా, స్ప్రింగ్ నీరసించినా తూటా సరైన ఎత్తుకు రాదు. అసలు కంపెనీ మ్యాగజైన్లు దొరకడం కష్టం, దొరికితే ధర మండిపోతుంది. ఎక్స్‌ట్రాక్టర్, ఫైరింగ్ పిన్ లాంటి విడిభాగాలు కూడా చేత్తో అరగదీసి చేయించుకోవాల్సిందే. ఆ పని లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరే చేయించాలి. లైసెన్స్ లేని చేతికి రిపేరుకిస్తే ఇచ్చినవాడూ, పుచ్చుకున్నవాడూ చట్టానికి చిక్కుతారు.

హైదరాబాద్ వానాకాలంలో పిస్టల్‌ను తోలు కవరులోనే పెట్టి బీరువాలో దాచడం ఇంకో పాత అలవాటు. తోలు తేమను పట్టి ఉంచుతుంది, దాన్ని పదును చేసిన లవణాలు ఉక్కును తింటాయి. నూనె గుడ్డలో చుట్టి, తాళం వేసిన ఇనుప పెట్టెలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచడం మేలు. తూటాలు వేరే తాళం కింద ఉండాలి.

రేంజ్‌లో పరీక్ష

కంటి పరీక్ష నెగ్గిన పిస్టల్‌నే పేల్చి చూడాలి. మొదట మ్యాగజైన్‌లో ఒక్క తూటా, తర్వాత రెండు, ఆ తర్వాతే నిండుగా. రెండు తూటాల దశకు కారణం ఉంది. అరిగిన పిస్టల్ ఒక్కోసారి ఒక నొక్కుకే రెండూ పేల్చేస్తుంది. ఆరేడు తూటాలతో అలా జరిగితే అదుపు తప్పుతుంది. కళ్లద్దాలు, చెవులకు రక్షణ తప్పనిసరి. పక్కన ఒక కాగితం పెట్టి ప్రతి మొరాయింపునూ రాసుకోవాలి. కేసు కిటికీలో నిలువుగా ఇరుక్కుందా, తూటా ఛాంబర్‌లోకి పోలేదా, ప్రైమర్ మీద దెబ్బ తేలికగా పడిందా? ఈ మూడింటికీ కారణాలు మూడు రకాలు. ఎక్స్‌ట్రాక్టర్, మ్యాగజైన్, ఫైరింగ్ పిన్ స్ప్రింగ్ అని వరసగా అనుమానించాలి.

నమ్మకానికి విదేశాల్లో వాడే ఒక కొలత, మొరాయించకుండా వరుసగా 200 తూటాలు పేలడం. తూటాల కోటా లైసెన్స్ మీద రాసి ఉండే మన దగ్గర ఈ పరీక్ష దాదాపు అసాధ్యం. దేశంలో .32 తూటాలు ప్రధానంగా ఖడ్కీ మందుగుండు కర్మాగారం నుంచి వస్తాయి. ఏడాది కోటాలో సగం పరీక్షకే పోతే సాధన దేనితో చేస్తారు? అందుకే చాలామంది పిస్టల్ కొని, ఒక పెట్టె తూటాలు బీరువాలో పెట్టి, ఒక్కటి కూడా పేల్చకుండా ఏళ్లు గడిపేస్తారు. పరీక్షించని పిస్టల్ మీద భరోసా పెట్టుకోవడం ఈ ఏర్పాటులోని అసలు లోపం.

ఇక గురి. ఎఫ్ఎన్ 1910 మొత్తం పొడవు సుమారు 15 సెంటీమీటర్లు, బ్యారెల్ 9 సెంటీమీటర్లకు కాస్త తక్కువ, బరువు 600 గ్రాముల లోపు. మ్యాగజైన్‌లో ఏడు తూటాలు. జేబులోంచి తీస్తే గుడ్డకు తగులుకోకూడదని గురి చూసే సైట్లను స్లైడ్ మీది గాడిలో చిన్న గీతలా మాత్రమే పెట్టారు. మసక వెలుతురులో అవి కనిపించవు.

లెక్క వేసి చూస్తే తేడా తేలుతుంది. ముందు, వెనక సైట్ల మధ్య దూరం 12 సెంటీమీటర్లనుకుందాం. ముందు సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే 25 మీటర్ల దూరంలో గుండు దాదాపు 21 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. అంతర్జాతీయ పోటీల్లో 25 మీటర్ల ప్రెసిషన్ టార్గెట్ మీద పది పాయింట్ల వలయం వ్యాసం 5 సెంటీమీటర్లు. మన గుండు పడేది రెండు పాయింట్ల వలయంలో. అదే పొరపాటు 22 సెంటీమీటర్ల సైట్ దూరమున్న క్రీడా పిస్టల్‌తో జరిగితే 11 సెంటీమీటర్లే తప్పుతుంది, ఆరు పాయింట్లు దక్కుతాయి.

ట్రిగ్గర్ కూడా అంతే. పోటీలో వాడే 25 మీటర్ల స్పోర్ట్ పిస్టల్ ట్రిగ్గర్ కనీస బరువు ఒక కిలో. పాత జేబు పిస్టళ్ల ట్రిగ్గర్ దానికి రెండు మూడు రెట్లు బరువుంటుంది. వాల్తర్ పీపీకేలో మొదటి నొక్కు హ్యామర్‌ను కూడా లేపాలి కాబట్టి ఇంకా బరువు. మొత్తం తుపాకీ అరకిలో పైచిలుకు ఉన్నప్పుడు అంతకు ఎన్నో రెట్ల బలంతో నొక్కితే ముక్కు పక్కకు తిరగక ఏం చేస్తుంది? ఇది పిస్టల్ చెడ్డదని కాదు. చేయి చాచినంత దూరంలో, ఆఖరి క్షణంలో వాడటానికి కట్టిన యంత్రాన్ని 25 మీటర్ల దగ్గర పరీక్షిస్తే వచ్చే ఫలితం ఇంతే. న్యాయంగా చూడాలంటే ఏడు మీటర్ల దగ్గర, చేతికి ఆసరా ఇచ్చి, ఐదు తూటాల చొప్పున గుంపులు తీయాలి. ఆ దూరంలో మంచి పాత పిస్టల్ అరచేతిలో ఇమిడేంత గుంపు ఇస్తే చాలు. అంతకు మించి పడుతుంటే ముందు చేతిని, తర్వాత బ్యారెల్‌ను అనుమానించాలి.

ఈ పిస్టళ్లకు ఒక మంచి గుణం ఉంది. బ్యారెల్ కదలదు కాబట్టి, మంచి స్థితిలో ఉంటే వాటి సహజ కచ్చితత్వం పరిమాణానికి మించినదే. దాన్ని రాబట్టుకునే చేయి, కన్ను తయారు కావడమే కష్టం.

ఆత్మరక్షణ లెక్క

.32 ఏసీపీ గుండు సుమారు 4.6 గ్రాములు, వేగం సెకనుకు 275 మీటర్ల చుట్టుపక్కల, శక్తి 170 జౌళ్ల పైచిలుకు. పోటీల్లో వాడే .22 తూటా శక్తి 130-140 జౌళ్లు. 9 ఎంఎం తూటాది దాదాపు 490. అంటే .32 శక్తి .22కు దగ్గరగా, 9 ఎంఎంకు చాలా దూరంగా ఉంది. అలాగని ప్రాణం తీయదనుకుంటే అది ఇంకా పెద్ద పొరపాటు. గోడ పక్కనున్న మనిషికి, తలుపు వెనకున్న పిల్లాడికి తగిలితే ఆ 170 జౌళ్లే ఎక్కువ.

ఐటీ కారిడార్ జీవితానికి ఈ లెక్కను అన్వయిస్తే వాదం ఇంకా పలచబడుతుంది. ఇక్కడి ఉద్యోగి రోజు గడిచేది ఆఫీసు క్యాంపస్‌లో, మెట్రోలో, మాల్‌లో, గేటెడ్ కమ్యూనిటీలో. మొదటి మూడింటి గేటు దగ్గరా తనిఖీ ఉంటుంది, పిస్టల్‌తో లోపలికి పోనివ్వరు. కారులో వదిలేసి వెళ్లడం దొంగకు అప్పగించడమే. ఇక మిగిలింది ఇల్లు. అపార్ట్‌మెంట్ గోడకు అవతల ఇంకో కుటుంబం ఉంటుంది. రాత్రి చీకట్లో, నిద్ర కళ్లతో, ఏడాదిలో ఒక్కసారి కూడా సాధన చేయని చేత్తో, కనిపించని సైట్లున్న పిస్టల్‌ను వాడాల్సి రావడం ఎవరికి రక్షణ?

కోపం సంగతి కూడా లెక్కలోకి రావాలి. 2020 డిసెంబరులో ఆదిలాబాద్‌లో పిల్లల క్రికెట్ దగ్గర మొదలైన గొడవ పెద్దలకు పాకి, లైసెన్స్ ఉన్న తుపాకీ పేలింది, గాయపడ్డవారిలో ఒకరు ప్రాణం పోగొట్టుకున్నారు. లైసెన్స్ ఇచ్చేటప్పుడు మనిషికి ముప్పు ఉందా అని చూస్తారు. ఆ మనిషి వల్ల ముప్పు ఉందా అన్నది ముందుగా కొలవడం ఎవరికీ సాధ్యం కాదు.

గచ్చిబౌలి దారి

గురి నేర్చుకోవాలనే కోరిక ఉన్నవారికి మాత్రం సైబరాబాద్‌లో దొరికే అవకాశం దేశంలో చాలా నగరాలకు లేదు. 2002 డిసెంబరులో హైదరాబాద్ జాతీయ క్రీడలకు ఆతిథ్యమిచ్చినప్పుడు గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలో షూటింగ్ రేంజ్ వెలిసింది. సైబర్ టవర్స్ తెరుచుకున్న నాలుగేళ్లకు, అదే రోడ్ల చివర వచ్చిన వసతి ఇది. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచాడు. ఆయన 'గన్ ఫర్ గ్లోరీ' అకాడమీ నగరంలోనూ శిక్షణ ఇస్తోంది.

పిస్టల్‌లో ఈ ఊరి పేరు ఈషా సింగ్. 2018లో పదమూడేళ్ల వయసులో మను భాకర్, హీనా సిద్ధూ ఉన్న పోటీలో ఆమె 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ జాతీయ చాంపియన్ అయింది. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ టీమ్ స్వర్ణం, వ్యక్తిగత రజతంతో కలిపి నాలుగు పతకాలు తెచ్చింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 25 మీటర్ల పిస్టల్ విభాగంలో పోటీపడింది.

ఆమె 25 మీటర్ల పోటీలో వాడేది కూడా సెమీ ఆటోమేటిక్ పిస్టలే, .22 బోర్. ఆ పోటీ సగం ప్రెసిషన్: ఐదు నిమిషాల్లో ఐదు తూటాల చొప్పున ముప్పై. మిగతా సగం ర్యాపిడ్: టార్గెట్ మూడు సెకన్లు మాత్రమే తెరుచుకుంటుంది, ఆ మూడు సెకన్లలో చేయి కింది నుంచి పైకి లేచి, గురి కుదిరి, ఒక్క తూటా పేలాలి. ఏడు సెకన్ల విరామం, మళ్లీ అదే. సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌ను నిజంగా పరీక్షించేది ఈ ముప్పై తూటాలే. ఒక్క మొరాయింపు వస్తే మనసు చెదిరి, తర్వాతి తూటా కూడా దెబ్బతింటుంది. పిడి చేతికి అచ్చు పోసినట్టుంటుంది, సైట్లు పెద్దవి, ట్రిగ్గర్ గాజు విరిగినట్టు తెగుతుంది. దాని పక్కన జేబు .32ను ఉంచితే రెండూ వేర్వేరు పనుల కోసం పుట్టాయని చూడగానే తెలుస్తుంది.

మొదలుపెట్టేవారికి అది కూడా అక్కర్లేదు. బోర్ .177కు మించకుండా, శక్తి 20 జౌళ్ల లోపుండే ఎయిర్ గన్‌కు లైసెన్స్ అవసరం లేదు. పోటీ ఎయిర్ పిస్టల్ శక్తి ఆ హద్దుకు చాలా కింద ఉంటుంది. ఛర్రా చవక, చప్పుడు తక్కువ, ఏడాదంతా సాధన చేయొచ్చు. పది మీటర్ల దూరంలో పది పాయింట్ల వలయం 11.5 మిల్లీమీటర్లే కాబట్టి ట్రిగ్గర్ మీది ప్రతి తప్పూ కాగితం మీద బయటపడుతుంది. ఎయిర్ పిస్టల్ మీద కొన్ని నెలలు గడిపిన చేయి పాత .32ను పట్టుకుంటే దాని సద్గుణాలూ తెలుస్తాయి, దుర్గుణాలూ తెలుస్తాయి. వరస తిరగేసి, ముందు .32 కొన్నవారికి ఏదీ తెలియదు.

వారసత్వం, కాగితాలు

వారసులకు చట్టం ఒక దారి ఇచ్చింది. లైసెన్స్‌దారు మరణిస్తే చట్టబద్ధ వారసుడు తన పేరున లైసెన్స్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. లైసెన్స్‌దారు బతికుండగానే, ఆయనకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం చేతికొచ్చి 25 ఏళ్లు గడిచినా వారసుడికి బదిలీ కోరవచ్చు. తాతగారు పోయాక పిస్టల్ బీరువాలో ఉంచుకుని ఊరుకోవడం మాత్రం కుదరదు. లైసెన్స్ లేకుండా ఉన్న ప్రతి రోజూ అది అక్రమ ఆయుధమే. వెంటనే పోలీస్ స్టేషన్లో గానీ, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేసి, రసీదు తీసుకుని, ఆ తర్వాత దరఖాస్తు నడపాలి. సైబరాబాద్ పరిధిలో ఆ దరఖాస్తు పోలీస్ కమిషనర్‌కు వెళ్తుంది.

2019 సవరణ చట్టంతో ఒకరు ఉంచుకోదగ్గ ఆయుధాలు మూడు నుంచి రెండుకు తగ్గాయి, లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో గాలిలోకి కాల్చి ఇతరుల ప్రాణాలను ప్రమాదంలో పెడితే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఎన్నికలొస్తే ఆయుధాలు అప్పగించమని పోలీసులు ఆదేశిస్తారు. ఆ రసీదు జాగ్రత్త చేసుకోవాలి. తిరిగి తెచ్చుకున్నప్పుడు తుప్పు, గీతలు, మ్యాగజైన్ చూసుకోవడం కూడా మర్చిపోవద్దు.

ఎవరికి ఏది?

వారసత్వంగా వచ్చినవారికి: కాగితాలు సరిచేసుకోవడం మొదటి పని, ఆర్మరర్ చేత పరీక్ష చేయించడం రెండోది. పగుళ్లు, ఉబ్బు, జారే సేఫ్టీ... వీటిలో ఒక్కటున్నా పేల్చకుండా అప్పగించేయండి. మంచి స్థితిలో ఉంటే, కుటుంబ జ్ఞాపకంగా దాచుకోవాలనుకుంటే అందుకు తగిన యంత్రమే. దాన్ని ఆయుధంగా నమ్ముకోకుండా, నూరేళ్ల నాటి పనితనంగా చూసుకోండి.

ఆత్మరక్షణకు కొనాలనుకునేవారికి: నిజమైన ముప్పు ఉండి, లైసెన్స్ వచ్చి, క్రమం తప్పకుండా సాధన చేసే చోటు దొరికితే తప్ప వద్దు. తప్పదనుకుంటే లక్షలు పోసి పాత పేరును కొనే బదులు, విడిభాగాలు, మరమ్మతు అందే దేశీ తయారీ మేలు.

గురి మీద ఇష్టం ఉన్నవారికి: .32ను మరిచిపోండి. ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెట్టి, శిక్షకుడి దగ్గర ఒక ఏడాది గడపండి. చేయి కుదిరితే .22, పోటీలు, రాష్ట్ర సంఘం సభ్యత్వం ఆ దారిలోనే వస్తాయి.

పాత .32 పిస్టల్ చెడ్డ యంత్రం కాదు. తన కాలానికి, తన పనికి బ్రౌనింగ్, వాల్తర్ ఇచ్చిన సమాధానం అది. మన నగరంలో దానికి కడుతున్న ధర, పెట్టుకుంటున్న నమ్మకం మాత్రం దాని శక్తికి మించినవి. కొనేముందు ఒక్క షరతు పెట్టుకోండి: ఏటా కనీసం రెండు పెట్టెల తూటాలు రేంజ్‌లో కాల్చే అనుమతి, చోటు, తీరిక మీకున్నాయా? లేవంటే ఆ డబ్బు పిల్లల ఎయిర్ పిస్టల్ శిక్షణకు పెట్టండి.